డిక్కీ నోరు కొలిచాకే కారు బేరం

2018 మే నెల, ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్ట్ పార్కింగ్. మా అమ్మానాన్నలు మొదటిసారి వచ్చారు. నాలుగు పెద్ద సూట్‌కేసులు, రెండు చేతిసంచులు, మా ఏడు నెలల పాప, దాని తోపుడు బండి. ఎదురుగా మా కారు. నల్లటి సెడాన్ (వెనక డిక్కీ తోకలా విడిగా ఉండే కారు), మా ఆయన ఆర్నెల్లు ఫొటోలు చూసి చూసి ముచ్చటపడి కొన్నది. డిక్కీ 500 లీటర్లని కాగితంలో రాసుంది. రెండు సూట్‌కేసులు లోపలికెళ్లాయి. మూడోది గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల చోటుంది, పోవడానికి దారి లేదు. అటు తిప్పి, ఇటు తిప్పి, నిలబెట్టి, పడుకోబెట్టి అరగంట కుస్తీ పట్టాం. చివరికి నాన్న, మా ఆయన చెరో సూట్‌కేసు లాక్కుంటూ రైలెక్కారు. ఆవకాయ ఉన్న పెట్టె మాత్రం నాన్న ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు.

మాది తెనాలి. ఇప్పుడుంటున్నది స్టట్‌గార్ట్ పక్కన బోబ్లింగెన్‌లో. ఆ సెడాన్ అమ్మేసి కొంబీ అనే పొడుగు బండి కొన్నాక, తెలిసినవాళ్లకి ఓ పది పన్నెండు కార్లు చూసిపెట్టాను. అందరూ ఫోన్ చేసి అడిగేది ఒక్కటే: "అక్కా, ఏ కంపెనీది తీసుకోమంటావు?" కంపెనీ మాట తర్వాత. ముందు బండి ఆకారం తేల్చుకోండి. ఒకే కంపెనీ ఒకే ఇంజన్ మీద, ఒకే అడుగుభాగం మీద నాలుగు రకాల ఒళ్లు తొడిగి నాలుగు ధరలకి అమ్ముతుంది. మీ ఇంటికి పనికొచ్చేదీ పనికిరానిదీ తేలేది ఆ ఒంటి దగ్గరే.

పేర్ల గొడవ ముందు

జర్మనీలో వాడిన కార్ల సైట్లు తెరిస్తే మొదట కంగారు పెట్టే మాట "లిమూజీన్". మనకి లిమూజీన్ అంటే సినిమా స్టార్లు దిగే గజాల పొడవు బండి. ఇక్కడ అది మామూలు సెడాన్. ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ లాంటి, తోక లేని హ్యాచ్‌బ్యాక్‌ని కూడా అదే గడిలో పడేస్తారు. మా ఆయన స్నేహితుడొకడు "మనకి లిమూజీన్ ఎందుకులే" అని ఆ గడికి టిక్కు తీసేసి, రెండు వారాలు గోల్ఫ్ దొరకట్లేదని తిరిగాడు.

కొంబీ అంటే వెనక కప్పు చివరిదాకా సాగిన పొడుగు బండి. ఇంగ్లండులో దాన్నే ఎస్టేట్ అంటారు, ఫ్రాన్సులో బ్రేక్ అంటారు. కంపెనీలు మళ్లీ తలో ముద్దుపేరు పెట్టాయి. ఫోక్స్‌వాగన్ వేరియంట్ అంటుంది, ఆడి అవాంట్ అంటుంది, బీఎండబ్ల్యూ టూరింగ్, మెర్సిడెస్ టి-మోడల్, ఒపెల్ స్పోర్ట్స్ టూరర్, ఫోర్డ్ టుర్నీర్, ప్యూజో ఎస్‌డబ్ల్యూ. స్కోడా మాత్రం సూటిగా కొంబీ అని పిలుస్తుంది. ప్రకటనలో ఈ పేర్లలో ఏది కనబడినా అదే ఆకారం.

మనవాళ్లకి ఈ ఆకారం కంటికి ఆనదు. మన దగ్గర తోక ఉన్న కారే పెద్ద కారు. నాలుగు మీటర్ల లోపు బండికి పన్ను తక్కువని 2012లో డిజైర్ తోక కత్తిరించారే తప్ప, తోక తీసెయ్యడానికి మాత్రం ఒప్పుకోలేదు. తొంభైల్లో టాటా ఎస్టేట్ వచ్చింది, తర్వాత స్కోడా ఆక్టావియా కొంబీ కూడా వచ్చింది, జనం పట్టించుకోలేదు. ఇక్కడ తిరగేసి ఉంటుంది లెక్క. 2023లో వచ్చిన కొత్త ఫోక్స్‌వాగన్ పాసాట్‌ని యూరప్‌లో సెడాన్‌గా అసలు తేనేలేదు, కొంబీ ఒక్కటే. మేనేజరు కంపెనీ కారూ కొంబీయే, మా వీధి చివర ప్లంబరుదీ కొంబీయే. మా నాన్న రెండోసారి వచ్చి మా కొంబీని చూసి, "ఏమ్మా, అంబులెన్సు కొన్నారా?" అన్నారు. సూట్‌కేసులు నాలుగూ ఎక్కాక ఇంకేం అనలేదు.

లీటర్లని నమ్మకండి

కంపెనీవాళ్లు డిక్కీ లీటర్లని నీళ్లు పోసి కొలవరు. 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 ఎత్తు ఉన్న చిన్న దిమ్మెలు, ఒక్కోటి సరిగ్గా లీటరు, మూలమూలలా పేర్చి లెక్కపెడతారు. చక్రం పక్కన సందులో కూడా దిమ్మె పడుతుంది. మీ సూట్‌కేసు పడదు. అందుకే 500 లీటర్ల సెడాన్ మమ్మల్ని ఎయిర్‌పోర్టులో నిలబెట్టింది.

విమానంలో ఒప్పుకునే పెద్ద పెట్టె మూడు వైపులా కలిపి 158 సెంటీమీటర్లు. అంటే దాదాపు 75 పొడవు, 50 వెడల్పు, 30 మందం. ఇప్పుడు ఆక్టావియా కొంబీ సంగతి చూడండి. మాది 2015 మోడల్, 610 లీటర్లు. డిక్కీ అడుగు చక్రాల మధ్య మీటరు వెడల్పుంటుంది, లోతు మీటరు పైచిలుకు. మూడు పెట్టెల్ని అరలో పుస్తకాల్లా పక్కపక్కనే నిలబెడితే 90 సెంటీమీటర్లు, సరిపోయాయి. లోతులో 75 పోగా ముందు 30 మిగులుతుంది కదా, నాలుగోది అడ్డంగా అక్కడ కూర్చుంటుంది. పైన లాక్కునే పరదా తీసెయ్యాలి, అంతే. పెట్టెల మీద తోపుడు బండి మడిచి పడుకోబెట్టొచ్చు, కానీ సీటు పైఅంచు దాటి సామాను పేర్చినప్పుడు మధ్యలో వల కట్టుకోండి. గట్టిగా బ్రేకు వేస్తే ఆ బండి నేరుగా వెనక కూర్చున్న అమ్మ తల మీదికే వస్తుంది.

కొలవాల్సినవి మూడు: డిక్కీ నోటి వెడల్పు, నోటి ఎత్తు, కింది అంచు నేలకి ఎంత ఎత్తులో ఉందో. మూడోది ఎవరూ చూడరు. 23 కిలోల పెట్టెని 60 సెంటీమీటర్లు ఎత్తడానికీ, 75 ఎత్తడానికీ తేడా మీ నడుముకి తెలుస్తుంది. ఎస్‌యూవీల్లో ఈ అంచు ఎత్తు. కొన్ని బండ్లలో అంచు దాటాక లోపల మళ్లీ గొయ్యి ఉంటుంది, దించడం కంటే బయటికి తీయడం కష్టం.

రెండున్నర గజాల అల్మరా పలకలు తెచ్చుకోవడం కూడా ఇక్కడ కాపురంలో భాగమే. ఐకియా పెద్ద అల్మరా ఎత్తు 236 సెంటీమీటర్లు. కొంబీలో వెనక సీటు మడిచి, ముందు పక్క సీటు వెనక్కి వాల్చి, పలకల్ని నాన్న భుజం పక్కగా ఇంటికి తెచ్చాం. డెలివరీ ఖర్చు ఆదా అయిందని ఆయన ఇప్పటికీ చెప్తారు.

అయితే అందరికీ కొంబీయేనా?

కాదు. ఇద్దరే ఉండి, పిల్లలు లేక, స్టట్‌గార్ట్ లోపల కొండవాలు వీధుల్లో రోజూ పార్కింగ్ వెతుక్కునేవాళ్లు 4.7 మీటర్ల బండి పెట్టుకుని ఏం చేస్తారు? పోలో, ఫాబియా, క్లియో, ఐ20 లాంటి చిన్న కార్లు చాలు. నాలుగు మీటర్ల పైచిలుకు బండికి వీధిలో దొరికే సందులు వేరు. 2024లో యూరప్ మొత్తం మీద ఎక్కువగా అమ్ముడైన కారు డాసియా సాండెరో, హంగులేమీ లేని చిన్న హ్యాచ్‌బ్యాక్. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చే ఆ రెండు రోజులకి పెద్ద బండి అద్దెకి తీసుకోండి. ఏడాదికి రెండు రోజుల అవసరం కోసం 363 రోజులు పెద్ద బండిని ఈడ్చక్కర్లేదు.

ఇప్పుడు ఎస్‌యూవీ. యూరప్‌లో అమ్ముడయ్యే కొత్త కార్లలో సగానికి పైగా ఇవే కాబట్టి ఊరికే తీసిపారెయ్యలేను. కూర్చున్నప్పుడు దారి బాగా కనిపిస్తుంది, పిల్లని సీటులో కట్టేటప్పుడు నడుం వంచక్కర్లేదు. కానీ ఇంజనూ అడుగుభాగమూ ఒకటే అయిన కొంబీ కంటే ఇది ఎక్కువ ధర, ఎక్కువ బరువు, ఎక్కువ తాగుతుంది, చాలాసార్లు డిక్కీ కూడా చిన్నది. ఉదాహరణకి ఫోక్స్‌వాగన్ ఎస్‌యూవీ టి-రాక్ మొదటి తరం డిక్కీ 445 లీటర్లు, గోల్ఫ్ 8 వేరియంట్‌ది 611. టైర్ల ఖర్చు కూడా కలుపుకోండి. ఇక్కడ చలికాలానికి వేరే జత కావాలి, 2024 అక్టోబరు నుంచి కొండ గుర్తులో మంచుపువ్వు ముద్ర ఉన్నవే చలికాలం టైర్లుగా లెక్క. 16 అంగుళాల జతకీ 19 అంగుళాల జతకీ ధర అడిగి చూడండి, మీకే తెలుస్తుంది. వెనక కప్పు ఏటవాలుగా కోసేసిన కూపే ఎస్‌యూవీల జోలికి మాత్రం పోవద్దు. ఎస్‌యూవీ ధర పెట్టి సెడాన్ కష్టాలు కొనుక్కోవడమే అది.

పారిస్‌కి కార్లో వెళ్దామనుకునేవాళ్లకి ఇంకో మాట. 2024 అక్టోబరు నుంచి అక్కడ 1.6 టన్నులు దాటిన పెట్రోలు, డీజిల్, హైబ్రిడ్ కార్లకి, బయటివాళ్లవైతే, వీధి పార్కింగ్ మూడు రెట్లు. నగరం నడిబొడ్డున గంటకి 18 యూరోలు.

మోకాళ్ల లెక్క

కొంబీ మీద నా పక్షపాతం 2023లో కొంచెం తగ్గింది. అమ్మకి మోకాళ్లు అరిగిపోయాయి. మా కారు సీటు నేలకి 52 సెంటీమీటర్లు, టేపు పెట్టి కొలిచాను. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో పైన పిడి పట్టుకుని, "అమ్మా" అంటూ కూలబడేది. దిగేటప్పుడు నేను అటువైపు వచ్చి రెండు చేతులూ పట్టి లేపాల్సి వచ్చేది. పక్కింటావిడ ఎస్‌యూవీలో కూర్చోబెట్టి చూశాను. అక్కడ ఎక్కడం కష్టమైంది, పొట్టి మనిషి కదా, కాలు ఎత్తాల్సి వచ్చింది. ఆమెకి సరిపోయింది ఈ రెండిటి మధ్య ఎత్తు: కూలబడనూ అక్కర్లేదు, ఎక్కనూ అక్కర్లేదు, పక్కకి జరిగి కూర్చుంటే చాలు.

ఆ ఎత్తుకి ఇక్కడ ప్రత్యేకంగా బండ్లున్నాయి. గోల్ఫ్ స్పోర్ట్స్‌వాన్ 2014 నుంచి 2020 దాకా తయారైంది, మెర్సిడెస్ బి-క్లాస్ కూడా అలాంటిదే. గోల్ఫ్‌ని నిలువుగా సాగదీసినట్టుంటాయి, అందం తక్కువ, కుర్రాళ్లు చూడరు. రిటైరైన జర్మన్ తాతలు కొని, ఆదివారం కేకు తినడానికి పక్క ఊరు వెళ్లొచ్చి గరాజులో పెట్టేస్తారు. అందుకే సెకండ్‌హ్యాండ్‌లో తక్కువ తిరిగినవి, సర్వీసు పుస్తకం నిండుగా ఉన్నవి దొరుకుతాయి. అత్తామామలో అమ్మానాన్నలో ఏటా మూడేసి నెలలు వచ్చి ఉండే ఇంటికి నేను ముందు ఇదే చెప్తున్నాను. స్పోర్ట్స్‌వాన్ డిక్కీ 500 లీటర్లు, నోరు వెడల్పు, వెనక సీటు ముందుకి జరుగుతుంది.

పిల్లలు ముగ్గురైతే లెక్క మళ్లీ మారుతుంది. పన్నెండేళ్లు నిండేదాకా, లేదా 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా పిల్లల సీటు తప్పనిసరి. మామూలు కార్లో వెనక మూడు పిల్లల సీట్లు పక్కపక్కన పట్టవు. ఫోక్స్‌వాగన్ టూరాన్‌లో రెండో వరసలో మూడు విడివిడి సీట్లుంటాయి, అందుకే ముగ్గురు పిల్లల ఇళ్ల ముందు అది తరచు కనిపిస్తుంది. బెర్లింగో, కాంగూ, కాడీ లాంటి ఎత్తుకప్పు బండ్లకి పక్కకి జరిగే తలుపులుంటాయి. ఇరుకు పార్కింగులో పిల్లాడు తలుపు ధడాలున తెరిచి పక్క కారుకి సొట్ట పెడతాడన్న భయం ఉండదు. బేకరీ వాన్‌లా ఉంటుందని మా ఆయన మొహం చిట్లిస్తాడు. చిట్లించనివ్వండి.

తలుపులు రెండే ఉన్న కూపే, కప్పు తెరిచే కాబ్రియో గురించి రాయను. అవి కొనేవాళ్లు సలహా అడగరు.

ఇంటి గరాజు, దారి, కాగితం

కారు చూడ్డానికి వెళ్లేముందు మీ ఇంటి గరాజులో టేపు పట్టండి. ఇక్కడ అపార్ట్‌మెంట్లలో డూప్లెక్స్ గరాజులుంటాయి, లిఫ్టులాంటి పలక మీద ఒక కారు పైన, ఒకటి కింద. పాత వాటిలో ఎత్తు మీటరున్నర మాత్రమే. ఆక్టావియా కొంబీ పడుతుంది. టిగ్వాన్ ఎస్‌యూవీ పట్టదు, స్పోర్ట్స్‌వాన్ కూడా పట్టదు, బెర్లింగో మాటే ఎత్తొద్దు. మాకు తెలిసిన జంట ఎస్‌యూవీ బుక్ చేశాక ఇది తెలుసుకుని, నెలనెలా గరాజుకి అద్దె కడుతూ కారుని వీధిలో పెడుతున్నారు. గోడ మీద చిన్న బోర్డు ఉంటుంది, ఎత్తూ బరువూ రెండూ రాసుంటాయి, చదవండి.

ఆటోబాన్ (ఇక్కడి హైవే) మీద మరమ్మతులు జరిగే చోట ఎడమ వరసకి వెడల్పు పరిమితి పెడతారు, 2 మీటర్లనో 2.1 అనో. అది అద్దాలతో కలిపి. గోల్ఫ్ కాగితం మీద 1.79 మీటర్లే, అద్దాలు కలిపితే 2 దాటుతుంది. వెడల్పు బండి కొంటే ఏళ్ల తరబడి లారీల వెనకే పోవాలి.

రిజిస్ట్రేషన్ కాగితంలో రెండు గడులు చూసుకోండి. జి అంటే ఖాళీ బండి బరువు, అందులో డ్రైవరుకి 75 కిలోలు కలిసే ఉంటుంది. ఎఫ్ అంటే బండితో సహా మొత్తం బరువు ఎంతదాకా ఉండొచ్చో. ఎఫ్ లోంచి జి తీసేస్తే మిగిలేది డ్రైవరు కాక మిగతా మనుషులకీ సామానుకీ. 1900 లోంచి 1450 పోతే 450. నలుగురు పెద్దవాళ్లు, నాలుగు నిండు పెట్టెలు, కప్పు మీద పెట్టె అంటే అక్కడికే చాలావరకు నిండింది. ఏడు సీట్లున్నాయని ఏడుగురినీ సామాన్నీ ఎక్కించొచ్చని కాదు. కప్పు మీద మోత చాలా కార్లకి 75 కిలోలే, పెట్టె సొంత బరువు కూడా అందులోదే.

పన్ను లెక్క ఇలా: పెట్రోలుకి ప్రతి 100 సీసీకి 2 యూరోలు, డీజిల్‌కి 9.50, ఆపైన పొగ లెక్క వేరే. లీటరున్నర పెట్రోలుకి 30 అయ్యేచోట రెండు లీటర్ల డీజిల్‌కి 190. ఏడాదికి ఇరవై వేల కిలోమీటర్లు తిరగని వాళ్లకి డీజిల్ వద్దనే నా మాట. పైగా స్టట్‌గార్ట్ 2019 జనవరిలోనే యూరో 4 పొగ ప్రమాణానివీ, అంతకు ముందరివీ అయిన డీజిళ్లని ఊళ్లోకి రావద్దంది. ఎలక్ట్రిక్ కారు ఇంట్లో గానీ ఆఫీసులో గానీ చార్జింగు ఉంటే కొనండి, లేకపోతే ఇంకొన్నాళ్లు ఆగండి.

ఇన్సూరెన్సు కంపెనీలు కారు మోడల్ని బట్టి, మీరున్న ఊరిని బట్టి, మీరెన్నేళ్లు ప్రమాదం లేకుండా నడిపారన్నదాన్ని బట్టి ధర కడతాయి. మన హైదరాబాదు అనుభవం అక్కడ లెక్కలోకి రావడం కష్టం. అందుకే బేరం ఆడకముందే రిజిస్ట్రేషన్ కాగితంలో 2.1, 2.2 గడుల్లోని కంపెనీ, మోడల్ కోడ్‌లు అమ్మేవాడిని అడిగి, ఇన్సూరెన్సు సైట్లో వేసి చూసుకోండి. మన ఇండియా లైసెన్సు ఇక్కడ నివాసం మొదలైనప్పటి నుంచి ఆరు నెలలే చెల్లుతుంది, తర్వాత రాతపరీక్ష, డ్రైవింగు పరీక్ష రెండూ రాయాలి. నేను డ్రైవింగులో ఒకసారి తప్పాను. కుడివైపు సైకిల్‌ని భుజం మీదుగా తిరిగి చూడలేదట. ఆటోమేటిక్ మీద పరీక్ష ఇస్తే మామూలుగా లైసెన్సు మీద ఆటోమేటిక్ మాత్రమే అని పడుతుంది, అది కూడా చూసుకుని బండి వెతకండి.

షోరూమ్‌లో

ప్రకటనలో "షెక్‌హెఫ్ట్‌గెప్‌ఫ్లెగ్ట్" అని ఉంటే సర్వీసులన్నీ పుస్తకంలో ముద్రలతో ఉన్నాయని. "ఇమ్ కుండెన్‌ఆఫ్‌ట్రాగ్" అని ఉంటే ఆ బండి డీలరుది కాదు, వేరేవాళ్ల తరఫున అమ్ముతున్నాడు, అంటే డీలరు మామూలుగా ఇవ్వాల్సిన ఏడాది బాధ్యత తప్పించుకుంటున్నాడేమో అడగాలి. వెనక నంబరు ప్లేటు మీద గుండ్రటి స్టిక్కరు చూడండి, మధ్యలో ఉన్నది సంవత్సరం, పైన పన్నెండు గంటల చోట ఉన్న అంకె నెల. త్యూఫ్, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో చూసే తనిఖీ, అప్పటిదాకా ఉన్నట్టు. కొంబీ అయితే డిక్కీ తెరిచి వాసన చూడండి. ఇక్కడ కొంబీలు చాలావరకు కుక్కల వాహనాలు. అంచు ప్లాస్టిక్ మీద గోళ్ల గీతలు, తివాచీలో కుచ్చిన వెంట్రుకలు ఉంటే ధర తగ్గించమనడానికి మంచి కారణం. వెనక ట్రెయిలర్ కొక్కెం ఉంటే ఏం లాగారో అడగండి, సైకిళ్లయితే పరవాలేదు, కారవాన్ అయితే క్లచ్ చూపించుకోండి.

మీతో టేపు, పిల్ల సీటు, తోపుడు బండి, ఖాళీ సూట్‌కేసులు తీసుకెళ్లండి. సిగ్గుపడొద్దు. మేం ఆ ఆక్టావియా చూడ్డానికి రెండు పెట్టెలు సెడాన్ డిక్కీలో, రెండు వెనక సీట్లో వేసుకుని వెళ్లాం. డీలరు కాఫీ కప్పు పట్టుకుని నిలబడి చూస్తుండగా నాలుగూ ఎక్కించాం, దించాం, అడ్డంగా తిప్పి మళ్లీ ఎక్కించాం. ఆ సంబరంలో ఒకటి ఆ కారులోనే వదిలేసి వచ్చేశాం. సోమవారం ఆయన ఫోన్ చేశాడు. "మీ పెట్టె నా దగ్గరే ఉంది. దాని చుట్టూ ఉన్న కారు కూడా తీసుకెళ్తారా?" 300 యూరోలు తగ్గిస్తే తీసుకెళ్తామన్నాను. తగ్గించాడు. చలికాలం టైర్లు మాత్రం ఎంత అడిగినా ఇవ్వలేదు.